ఓడిన ఓటు: పటమట చెప్పు పాఠము



గోరాగారని ఆంధ్రదేశమంతటను ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారి స్మృతికి అంకితమైన ప్రసంగమును వారి కార్యక్షేత్రమైన పటమటలోనే చేయగల అవకాశము నాకు లభించుట నా అదృష్టముగ భావించుచున్నాను. 1902 నవంబరు 15వ తేదీన గంజాము జిల్లా ఛత్రపురమున జన్మించి, వృక్షశాస్త్రము నభ్యసించి, కళాశాలలలో ఉపన్యాసకులై, తమ నాస్తిక విశ్వాసమును దాచుకొనుట కంటె కొలువును వదలుకొనుటయే మేలని ఎంచి, 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును నెలకొల్పి, 1947లో దానిని ఈ పటమటకు తరలించి, 1975 జులై 26వ తేదీన విజయవాడలో ఒక సభలో మాటలాడుచునే అసువులు బాసిన ఆ మహనీయుని గురించి మీకు నేను క్రొత్తగ చెప్పవలసినది లేదు. వారి సహపంక్తి భోజనములు, కులాంతర వివాహములు, అస్పృశ్యతా నివారణకై వారు పడిన శ్రమ, గాంధీమహాత్మునితో వారు జరిపిన సంవాదము లోకమునకు బాగుగ తెలిసినవే. కాని రాజకీయములను గురించి వారు చేసిన చింతనము, ముఖ్యముగ పార్టీరహిత ప్రజాస్వామ్యమను వారి సిద్ధాంతము, తగినంతగ చర్చకు రాలేదు. ఆ సిద్ధాంతప్రచారమునకై 1961–62లో సేవాగ్రామము నుండి ఢిల్లీ వరకు పాదయాత్ర చేసిన మనుష్యుని ఊరిలో నిలచి, ఆ ఊరి ఓటును గురించి, ఆ ఊరివంటి ఊళ్ల ఓటును గురించి ఆలోచించుట ఆయనకు సముచితమైన నివాళియని తలచి, నేటి ప్రసంగమునకు ఈ విషయమును ఎంచుకొంటిని.

నేడు పటమట నగరములో భాగము. బెంజి సర్కిలు నుండి ఆటోనగరు వరకు బందరురోడ్డు కిరువైపుల నిలచిన మేడలను చూచిన యువకునికి ఇది ఒకనాడు వరిచేల నడుమనున్న గ్రామమని చెప్పినచో నమ్మశక్యముగ ఉండదు. 1855లో కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియైనది మొదలు డెల్టా గ్రామములన్నిటి తలవ్రాత మారినట్లే పటమట తలవ్రాతయు మారినది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చునప్పటికి ఈ ప్రాంతపు రైతు వంద సంవత్సరముల కాలువ సేద్యమును చూచియుండెను. విజయవాడ పురపాలక సంఘము 1888లో ఏర్పడినను, పటమట దానిలో చేరలేదు. ఆ సంఘము 1981లో నగరపాలక సంస్థగ మారిన పిదప, 1985లో గుణదల, భవానీపురములతో పాటు పటమట పంచాయతియు దానిలో విలీనమయ్యెను. అనగా వయోజన ఓటింగు వచ్చిన తరువాత మూడు దశాబ్దములకు పైగా పటమట వాసులు శాసనసభకు, లోకసభకు ఓటువేయుచునే, తమ ఊరి పంచాయతికిని ఓటువేసిరి. పల్లె ఓటును, పట్నపు ఓటును, రెంటినీ ఒక్క జీవితకాలములోనే వేసినవారు ఈ సభలో నేటికిని కొందరున్నారు. రాజకీయ పరిశీలనకు ఇంతకంటె మంచి తావు అరుదు.

ఊరి నైసర్గిక స్వరూపమునకు, ఊరి ఓటునకు సంబంధముండునని మొదట శాస్త్రీయముగ చూపినవాడు ఫ్రెంచి పండితుడు ఆంద్రే సీగ్‌ఫ్రీడ్. 1913లో పశ్చిమ ఫ్రాన్సు రాజకీయములపై ఆయన ప్రకటించిన గ్రంథమునందు, గ్రానైటు నేలలున్న గ్రామములు ఒక పక్షమునకును, సున్నపురాతి నేలలున్న గ్రామములు మరియొక పక్షమునకును ఓటువేయుచున్న సంగతిని గుర్తించి, రాయి ఓటువేయదుగదా యని తానే ప్రశ్నించుకొని, నేలను బట్టి నీరు, నీటిని బట్టి నివాసములు, నివాసములను బట్టి భూస్వామ్యము, భూస్వామ్యమును బట్టి పెద్దల పలుకుబడి ఏర్పడు క్రమమును వివరించెను. మన డెల్టాలో ఈ క్రమము మరింత స్పష్టము. కాలువ నీరు వచ్చినందున రెండుపూటల అన్నము తిని, మిగులు ధాన్యము నమ్ముకొనగల మధ్యతరగతి రైతు పుట్టెను. అతని కొడుకు బందరులోనో, బెజవాడలోనో, గుంటూరులోనో చదివి జాతీయోద్యమములోనికి వచ్చెను. అతని చేలో నాట్లు వేసి, కోతలు కోసిన వ్యవసాయకూలీ ఊరి చివరి పేటలో నిలచిపోయెను. ఒకే కాలువ ఇరువురిని తయారుచేసెను. ఆచార్య రంగాగారి రైతుసంఘములు, తరువాతి కమ్యూనిస్టుల కూలీసంఘములు ఈ ఇరువురి నడుమనే పెరిగినవి. 1944 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ విజయవాడలో జరుగుట యాదృచ్ఛికము కాదు.

ఈ పూర్వరంగము తరువాతనే 1952 మొదటి సాధారణ ఎన్నికలు వచ్చినవి. పన్ను కట్టువారికి, చదువుకొన్నవారికి మాత్రమే పరిమితమైయున్న ఓటు హక్కు ఆనాడు ఇరువదియొక్క సంవత్సరములు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి లభించెను. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టెపై గుర్తు: కాంగ్రెసునకు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. అక్షరము రాని కూలీ స్త్రీ తెరచాటున నిలచి, తన కాగితమును తనకు నచ్చిన పెట్టెలో వేసి బయటికి వచ్చిన ఆ క్షణము డెల్టా చరిత్రలో ఆనకట్ట కట్టిన క్షణముతో సమానమైనదని నేను నమ్ముచున్నాను. ఆ ఎన్నికలలో మద్రాసు శాసనసభకు ఆంధ్రప్రాంతము నుండి ఎన్నుకోబడిన 140 మందిలో కమ్యూనిస్టులు 41 మంది, కాంగ్రెసువారు 40 మంది. కమ్యూనిస్టులపై నిర్బంధము సాగిన కాలమున కాటూరు, ఎలమర్రు గ్రామములు పోలీసుల చేతిలో పడిన బాధలు అప్పటికింకను ప్రజల మనస్సులలో పచ్చిగ ఉన్నవి.

మూడు సంవత్సరములు గడచెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. మద్యనిషేధ విషయమున ప్రకాశంపంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. 1955 ఫిబ్రవరిలో మధ్యంతరపు ఎన్నికలు జరిగెను. ఈ ఎన్నికలను గురించి కొంత నిదానించి చెప్పవలెను. నేను నేడు మీ ముందుంచదలచిన భావమునకు మూలము ఇక్కడనే కలదు.

1955లో ఆంధ్ర శాసనసభలో 196 స్థానములు. అందు కాంగ్రెసునకు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజాపార్టీకి 5. ఈ మూడును కలసి ఐక్యసంఘటనగ పోటీచేసినవి. ప్రజా సోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22. కమ్యూనిస్టులకు 15. నలుబదియొకటి నుండి పదునైదునకు దిగజారిన ఆ సంఖ్యను చూచి, ఆంధ్రలో కమ్యూనిజము అంతరించినదని దేశదేశముల పత్రికలు ప్రకటించెను. ఎన్నికలకు ముందు మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూగారి విధానములను ప్రశంసించుచు వ్రాసిన సంపాదకీయమును కాంగ్రెసువారు ఊరూరను ప్రచారము చేసినమాట నిజము. బొంబాయి నుండి ఎస్. కె. పాటిల్‌గారు వచ్చి ప్రచారమును నడపినమాటయు నిజము. కాని లెక్కలోని రెండవ వరుసను చదివినవారు తక్కువ. ఆ ఎన్నికలలో కమ్యూనిస్టులకు లభించిన ఓట్లు నూటికి 31 పాళ్లు. 1952లో వారికి వచ్చిన పాలుకంటె ఇది ఎక్కువ. వారు అంతకు పూర్వముకంటె ఎక్కువ స్థానములలో పోటీచేసిరన్న మాటను లెక్కలోనికి తీసికొన్నను, వారి వెంటనున్న జనము కరగిపోలేదన్నది స్పష్టము. 1952లో వారి ప్రత్యర్థులు ముక్కలై నిలచిరి. 1955లో ఒక్కటియై నిలచిరి. మారినది ప్రధానముగ ప్రత్యర్థుల పొందిక. ఓట్లలో నూటికి 31 పాళ్లున్న పక్షమునకు సభలో నూటికి 8 పాళ్లకు లోపుగ స్థానములు దక్కినవి. ఆ పదునైదు స్థానములలో పటమటకు పొరుగునున్న గన్నవరము ఒకటి. అక్కడ గెలిచినవారు పుచ్చలపల్లి సుందరయ్యగారు.

సోదరులారా, ఆ 31 పాళ్ల మనుష్యులు ఓట్ల లెక్కింపు జరిగిన మరునాడు ఎక్కడికి పోయిరి? వారు రష్యాకు పోలేదు. అదే పేటలో, అదే చేలో, అదే చెరువుగట్టుపై ఉండిరి. గెలిచినవాని యింటికి పనికి పోయిరి, గెలిచినవాని కొట్టులో ఉప్పు కొనిరి. శాసనసభ పటమును చూచినవారికి వారు కనబడలేదు గాని, ఊరిలో నడచినవారికి అడుగడుగున కనబడిరి. ఇదియే ఓడిన ఓటు. మన రాజకీయ చరిత్రలనన్నిటిని మనము గెలిచిన ఓట్లతోనే వ్రాసికొంటిమి; ఊరి మనస్సు మాత్రము రెండు ఓట్లను కలిపికొని బ్రతుకుచున్నది.

1955 ఒక్క వింత సంవత్సరమని ఎవరైన అనవచ్చును. అట్లు కాదు. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశము, తొమ్మిది నెలలు నిండగనే, 1983 జనవరి 5న జరిగిన ఎన్నికలలో 294 స్థానములకు 201 గెలిచినప్పుడు, కాంగ్రెసు రాష్ట్రమునుండి తుడిచివేయబడినదని అందరు అనుకొనిరి. కాని 60 స్థానములకు పరిమితమైన ఆ కాంగ్రెసునకు ఓటర్లలో మూడవవంతు మంది ఓటువేసియుండిరి, ఆరు సంవత్సరములకే, 1989లో, అది 181 స్థానములతో తిరిగివచ్చెను. 1994లో కాంగ్రెసునకు 26 స్థానములు. ఓట్లు మరల సుమారు మూడవవంతే. విభజన తరువాతి ఆంధ్రప్రదేశములో ఈ వైపరీత్యము మరింత తీవ్రమైనది. 2019లో తెలుగుదేశమునకు నూటికి 39 ఓట్లు వచ్చినను, 175 స్థానములలో 23 మాత్రమే దక్కినవి. 2024లో వైఎస్సార్ కాంగ్రెసునకును నూటికి 39 ఓట్లే వచ్చినవి. దక్కినవి 11 స్థానములు. చూడుడు: అయిదేండ్ల తేడాతో, పరస్పర విరోధులైన రెండు పక్షములకు, దాదాపు ఒకే పాలు ఓట్లు, ఒకే విధమైన పరాభవము. ఇది మన ఒక్కరి కథయు కాదు. 2024లో బ్రిటనులో మూడవవంతు ఓట్లతో లేబరు పార్టీ 650 స్థానములకు 411 గెలిచెను. ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కనికే స్థానము దక్కు పద్ధతిలో పాలు తక్కువైనవాని ఓటు లెక్కకు రాకుండ పోవుట సహజ ఫలితము.

ఇక కులము విషయమునకు వత్తును. దానిని దాటిపోయినచో నేను మీకు నిజము చెప్పినవాడను కాను. సెలిగ్ హారిసన్ అను అమెరికను పత్రికారచయిత 1956లో కులమును, ఆంధ్ర కమ్యూనిస్టులను గురించి ప్రకటించిన వ్యాసమునందు, డెల్టా రాజకీయములను కమ్మ, రెడ్డి కులముల పోటీగ చిత్రించెను. ఆనాటి నుండి నేటివరకు మన ఓటును గురించి వ్రాయువారందరు ఆ దారినే నడచుచున్నారు. అందులో సత్యము లేకపోలేదు. భూమి ఎవరిదో, పలుకుబడి ఎవరిదో, అభ్యర్థిత్వము ఎవరికి దక్కునో కులమును బట్టి ఎంతవరకు నిర్ణయమగుచున్నదో మనకు హారిసన్ చెప్పవలసిన పనిలేదు. కాని కులము ఒక్కటియే తాళపుచెవియైనచో కొన్ని గదుల తలుపులు తెరచుకొనవు.

విజయవాడ లోకసభ స్థానమునే చూతము. 1952లో ఇక్కడి నుండి గెలిచినవారు కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్రులుగ నిలచిన హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ. హైదరాబాదున పుట్టిన వంగీయుడు, కవి, సరోజినీనాయుడుగారి తమ్ముడు. కృష్ణాజిల్లాలో ఆయనకు కులమేది, బలగమేది? 1957లో గెలిచినవారు డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు, విజ్ఞానసర్వస్వ నిర్మాత లక్ష్మణరావుపంతులుగారి కుమార్తె. 1962, 1967, 1971 మూడు ఎన్నికలలో వరుసగ గెలిచినవారు కంకిపాడులో పుట్టిన ఇంజనీరు కె. ఎల్. రావుగారు. వీరెవ్వరును ఈ డెల్టాలో సంఖ్యాబలముగల కులములకు చెందినవారు కారు. 1980లోను, 1989లోను గెలిచిన చెన్నుపాటి విద్యగారు గోరాగారి కుమార్తె. కులమును ఇంటి గడప దాటి లోనికి రానీయని గృహమున పెరిగిన స్త్రీ. దేవుని నమ్మని ఇంటి ఆడబిడ్డను దేవాలయములకు పేరుగన్న ఈ ప్రాంతపు ఓటర్లు రెండుమార్లు పార్లమెంటునకు పంపిరి. దీనిని పటమటవాసులు గర్వముతో చెప్పుకొనవచ్చును.

కులవాదమునకు మరియొక లోపము కలదు. ఒక కులమువారు ఒక పార్టీవారని చెప్పినప్పుడు, ఆ కులములోనే రెండవ పార్టీకి ఓటువేసినవాడు మాయమగును. 1952, 1955 ఎన్నికలలో డెల్టాలోని ఎన్నో చోట్ల ఒకే కులమునకు చెందిన ఇరువురు ఎదురెదురుగ నిలచిరి. ఒకే ఇంటిలో అన్న కాంగ్రెసు, తమ్ముడు కమ్యూనిస్టు. 2024లో విజయవాడ లోకసభ స్థానమునకు తోడబుట్టిన ఇరువురు అన్నదమ్ములే ప్రత్యర్థులైరి. 'వాళ్లంతా ఆ పార్టీవాళ్లే' అని మనము సులభముగ అనెడి మాట వలన ఓడిన ఓటు రెండవమారు ఓడిపోవుచున్నది: మొదటిమారు లెక్కలో, రెండవమారు మాటలో.

ఈ మాటల ఫలము ఎంత క్రూరముగ ఉండునో విజయవాడ చూచినది. 1988 డిసెంబరు 26న, నిరాహారదీక్షలోనున్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగారావుగారు హత్యకు గురియైరి. ఆ పిమ్మట ఈ నగరములోను, జిల్లాలోను చెలరేగిన దహనకాండలో ఎవరి అంగడి ఎవరిదో, ఎవరి ఇల్లు ఎవరిదో కులపు పేరుతో, పక్షపు పేరుతో గుర్తుపట్టి కాల్చిరి. అంగళ్లను కోల్పోయినవారు మరల కట్టుకొనిరి. కాని ఒకరి వీధికి ఒకరు పోవుటకు సంకోచించిన ఆ దినముల జ్ఞాపకము పోలేదు. ఓడినవాడు ఊరిలో మర్యాదతో బ్రతుకగలడన్న నమ్మకము సడలినప్పుడు, ఎన్నిక ఎన్నికగ నిలువదు. ప్రాణరక్షణకై చేయు యుద్ధమగును. ప్రతి ఎన్నికలోను సర్వస్వమును ఒడ్డవలసివచ్చుటకు, ధనము వరదవలె పారుటకు ఇదియే మూలకారణమని నా దృఢవిశ్వాసము.

ఇప్పుడు ఒక సాంకేతిక విషయమును చెప్పెదను. చిన్నదిగ కనబడును గాని దీని ప్రభావము మీ వీధివరకు వచ్చుచున్నది. కాగితపు ఓట్ల కాలములో, ఎన్నికల సంఘము ఆదేశించినచోట, పలు పోలింగు కేంద్రముల పత్రములను ఒకచోట కలిపివేసి, ఆ పిమ్మట లెక్కించు ఏర్పాటు ఉండెను. ఏ పేటలోనివారు ఎవరికి వేసిరో గెలిచినవానికి తెలియకూడదని దాని ఉద్దేశము. 2004 నుండి దేశమంతటను యంత్రములే వచ్చినవి. యంత్రము యంత్రముగ లెక్కించుటచేత, ఫలితములు వెలువడిన వెంటనే ఏ బూతులో ఎవరికెన్ని వచ్చినవో అందరికి తెలియుచున్నది. ఒక బూతునకు వేయిమంది ఓటర్లు. అనగా రెండు మూడు వీధులు. కులముల వారీగ పేటలున్న మన ఊళ్లలో రెండు మూడు వీధుల ఓటు తెలిసినదనగా, ఒక సమూహపు రహస్యము బయటపడినదన్నమాట. 'మీ బూతులో మాకు రాలేదు' అను ఒక్క మాటతో ఆ వీధి డ్రైనేజీ, ఆ వీధి దీపము, ఆ వీధి ముసలమ్మ పింఛను ఆగిపోవుట అసాధ్యమైన పనియని మీలో ఎవరైన అనగలరా? ఈ ప్రమాదమును గుర్తించి, పలు యంత్రముల ఓట్లను కలిపి మొత్తముగ మాత్రమే చూపు టోటలైజరు అను పరికరమును వాడవలెనని ఎన్నికల సంఘము 2008లో ప్రతిపాదించెను; 2015లో న్యాయసంఘము తన 255వ నివేదికలో దానిని సమర్థించెను. అది నేటివరకు అమలులోనికి రాలేదు. ఒకని ఓటు రహస్యమైనట్లే ఒక పేట ఓటును రహస్యము కావలెను. ఈ సంస్కరణమునకు ఆంధ్రప్రదేశములో ఏ పక్షమైనను ఉద్యమించినచో నేను దానికి చేతులెత్తి నమస్కరింతును. 2019లోను, 2024లోను ఓడిపోయిన రెండు పక్షములకును దీని అవసరము సమానమే గదా.

ఇక గోరాగారి సిద్ధాంతమునకు వత్తును. పార్టీలు శాసనసభను పాలకపక్షము, ప్రతిపక్షము అని రెండుగ చీల్చి, ప్రజలు పంపిన ప్రతినిధులలో సగముమందిని విమర్శకే పరిమితము చేయుచున్నవనియు, ప్రతినిధి తన పార్టీకి గాక తన ప్రజలకే బాధ్యుడు కావలెననియు వారు వాదించిరి. ఇట్టి చింతనము అప్పుడు ఒంటరిది కాదు: ఎం. ఎన్. రాయ్‌గారు తమ పార్టీని 1948లో తామే రద్దుచేసికొనిరి. జయప్రకాశ్ నారాయణ్‌గారు 1959లో భారత రాజ్యవ్యవస్థ పునర్నిర్మాణమునకై ఇట్టి వాదమునే లేవనెత్తిరి. నేటికిని మన రాష్ట్రములో గ్రామపంచాయతి ఎన్నికలు చట్టము ప్రకారము పార్టీ గుర్తులు లేకయే జరుగుచున్నవి. కనుక గోరాగారు నివసించిన పటమట, వారు కోరిన పార్టీరహిత పద్ధతిని కాగితముపైనైనను పాటించిన ఊరు. 1985లో నగరములో కలిసిన పిమ్మట ఇక్కడి వార్డు కార్పొరేటరు పార్టీ గుర్తుపై ఎన్నికగుచున్నాడు. ఆ సంవత్సరమే పార్లమెంటు ఫిరాయింపుల నిషేధమునకై రాజ్యాంగమును సవరించి, చట్టసభల సభ్యుని ఓటును పార్టీ విప్పునకు కట్టివేసెను. గోరాగారు కన్నుమూసిన పదియేండ్లకే కాలము వారు కోరిన దిశకు సరిగ వ్యతిరేకదిశలో నడచినది.

గోరాగారిపై నాకు గల భక్తిని తగ్గించుకొనకయే, ఒక్క విషయమున వారితో విభేదింతును. పార్టీ గుర్తు లేకపోయినంత మాత్రమున ఊరిలో బలహీనునికి స్వరము రాదు. కంకి కొడవలి గుర్తు లేనిచో, 1952లో పేటలోని కూలీ తన యజమానిపై ఏ ధైర్యముతో నిలువగలిగియుండెడివాడు? ఊరిపెద్దలు కూర్చుండి సర్పంచిని ఏకగ్రీవముగ నిర్ణయించి, ప్రభుత్వము వారు ఏకగ్రీవ పంచాయతులకు ఇచ్చు నగదు ప్రోత్సాహకమును పుచ్చుకొనుటను మనము ఐకమత్యముగ పొగడుచున్నాము. కొన్నిచోట్ల అది నిజముగ ఐకమత్యమే. మరికొన్నిచోట్ల ఓడిన ఓటును అసలు పుట్టనీయకుండ చేయుటయే. పోటీ లేని ఊరిలో అందరు ఒప్పుకొనిరో, కొందరు నోరుమూసికొనిరో బయటివానికి తెలియదు. ఓడిన ఓటు ఉండుట ఊరికి అవమానము కాదు. ఒకడు నిర్భయముగ కాదనగలిగెనన్నదానికి అది సాక్ష్యము.

కాని గోరాగారి సిద్ధాంతములోని సారము నా మనస్సును పట్టి వదలదు. పార్టీ ఉండుగాక; ఎన్నిక ముగిసిన పిమ్మట ప్రతినిధి ఎవరివాడు? తనకు వేసినవారివాడా, అందరివాడా? కాలువ క్రింద సేద్యము చేసిన మనకు తెలిసిన సంగతి యొకటి కలదు: తూము ప్రక్కనున్న చేనుకు నీరందుట గొప్ప కాదు, చివరి చేనుకు అందినప్పుడే ఆ కాలువ పనిచేసినట్లు. ప్రతినిధికిని అదే పరీక్ష. తనకు తక్కువ ఓట్లు వచ్చిన వీధిలో అతడేమి చేసెనో చూచి అతనిని కొలువవలెను.

మన ఓటర్లు ఈ తారతమ్యమును ఎరుగనివారు కారు. పార్టీల నాయకులకంటె వారికే వివేకము ఎక్కువయని అనుభవము చెప్పుచున్నది. రాష్ట్రములో కమ్యూనిస్టులు చిన్నపక్షమైన 1981లో విజయవాడ నగరపాలక సంస్థకు మొదటి మేయరుగ కమ్యూనిస్టు నాయకులు టి. వెంకటేశ్వరరావుగారు వచ్చిరి. 2009లో పటమటయున్న విజయవాడ తూర్పు నియోజకవర్గము, రాష్ట్రమునంతటను 18 స్థానములు మాత్రమే పొందిన ప్రజారాజ్యము పక్షమున నిలచెను. 2019లో రాష్ట్రము వైఎస్సార్ కాంగ్రెసు వైపు మొగ్గగ, ఇదే తూర్పు నియోజకవర్గము తెలుగుదేశమునకు మిగిలిన 23 స్థానములలో ఒకటియైనది. రెండేండ్లకే, 2021లో, అదే నగరము కార్పొరేషనును వైఎస్సార్ కాంగ్రెసునకు అప్పగించెను. 2024లో మరల శాసనసభ స్థానము తెలుగుదేశమునకే దక్కెను. 'గాలి వీచినది' అని ఒక్క మాటలో తేల్చివేయువారు ఈ క్రమమును వివరింపలేరు. నీళ్లకు, కాలువకు, వీధికి ఒక లెక్క. రాజధానికి, రాష్ట్రమునకు ఒక లెక్క. ఢిల్లీకి మరియొక లెక్క. ఒకే మనుష్యుడు ఒకచోట గెలిచిన ఓటును, మరియొకచోట ఓడిన ఓటును వేయుచున్నాడు. కనుక గెలిచినవారు, ఓడినవారు అను రెండు జాతులు లేవు. ఈ సభలోనున్న మనలో ప్రతియొక్కరును ఏదో ఒక ఎన్నికలో ఓడినవారిమే.

ఈ భావమును ఆచరణలోనికి తెచ్చుటకు మూడు పనులను సూచించి ముగింతును. ఓట్ల లెక్కలో పేటల రహస్యమును కాపాడు టోటలైజరును కోరుట మొదటిది. రెండవది, 74వ రాజ్యాంగ సవరణము మూడు లక్షలు, అంతకు మించిన జనాభాగల నగరములకు విధించిన వార్డు కమిటీలను నిజముగ పనిచేయించి, వానిలో ఓడిన అభ్యర్థికి మద్దతు నిచ్చిన వీధులవారికి తప్పక చోటు కల్పించుట. పల్లెలలో గ్రామసభను తీర్మానముల పుస్తకములో సంతకములకే గాక మాటలకు కూడ కూర్చుట. మూడవది విద్యార్థులకు. 1952 నుండి పటమటలోను, చుట్టునున్న గ్రామములలోను ఓటువేసిన వృద్ధులు ఇంక ఎక్కువ కాలము మనతో ఉండరు. మీరు వారి యిండ్లకు పోయి, ఎవరికి వేసితిరని అడుగక, ఏమి ఆశించి వేసితిరి, ఓడినప్పుడు ఊరు మిమ్ము ఎట్లు చూచినది అని అడిగి, వ్రాసి, మీ కళాశాల గ్రంథాలయములో భద్రపరుపుడు. గెలిచినవారి చరిత్ర శాసనసభ రికార్డులలో ఉన్నది. ఓడినవారి చరిత్రను మీరే వ్రాయవలెను.

వచ్చు ఎన్నికలలో ఈ నియోజకవర్గమున గెలుచు అభ్యర్థి ఏ పార్టీవాడో నాకు తెలియదు, తెలిసికొనగోరుటయు లేదు. అతడెవడైనను, లెక్కింపు ముగిసిన సాయంకాలము విజయోత్సవపు ఊరేగింపునకు ముందు, తనకు అతితక్కువ ఓట్లు వచ్చిన పేటకు కాలినడకను పోయి, అక్కడివారి అవసరములను విని, వ్రాసికొని రావలెనని పటమటవాసులు ముందుగనే ప్రతి అభ్యర్థి వద్దను మాట తీసికొనవలెనని ప్రార్థించుచున్నాను. గోరాగారి ఊరు ఆ ఒక్క నియమమును నెలకొల్పగలిగినచో, దేశములోని ఊళ్లన్నిటికి అది ఆదర్శమగును.